దించిన బల్ల

చికిత్స బల్ల మీద నేను బోర్లా పడుకుని ఉండగా, వైద్యం చేస్తున్నామె కాళ్ల కింది పీట జారింది. నా మెడ నొక్కుతున్న బొటనవేళ్లు ఒక్కసారిగా పక్కకు లాగేశాయి. నా ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది.

"కదలబాకన్నా! వేళ్లాడించు" అంది కింద పడినచోటి నుంచే. ఆడించాను. ఆడాయి.

కావలిలో నా మెడ నొప్పికి ఫిజియోథెరపీ చేసిన ఆమె బాగా పొట్టి. ఉదయం పూట పనిచేసే పొడుగాయనకు సరిపోయేలా బల్ల ఎత్తుగా ఉండేది. బల్ల కాళ్లకున్న ఇనుప చీలలు తీసి దించుకోవచ్చు. కానీ ఒకసారి ఆమె దించినప్పుడు చీల సరిగా దిగక, బల్ల ఒరిగి, ఒక ముసలాయన తుంటి విరిగిందట. అప్పటినుంచి ఆమె పీటే ఎక్కేది. ఎక్కేముందు పీట నాలుగు కాళ్లూ ఊపి చూసి, "గట్టిగానే ఉందిలేన్నా" అనేది, తనకు తనే చెప్పుకున్నట్టు.

పీట జారిన ఆ సాయంత్రం ఇద్దరం కలిసి బల్ల దించాం. ముందు తనే ఎక్కి, కళ్లు గట్టిగా మూసుకుని పడుకుంది. బల్ల కదల్లేదు.

తర్వాత నేను పడుకున్నాను. ఆమె చేతులు నా మెడకు తగిలి, వెనక్కి పోయాయి.

"రేపు చేద్దాంలేన్నా."

మర్నాడు ఆమె రాలేదు. ఆ పొడుగాయనే నడుము వంచి నా మెడ నొక్కాడు. బల్ల పైకెత్తుకోలేదేమని అడిగాను.

"ఆయమ్మ వస్తాది గదా సార్" అన్నాడు.

నెల దాటింది. బల్ల అలాగే ఉంది. ఆమె ఇంకా రాలేదు.