తొంభయ్యో రోజు

ఎర్రమంజిల్‌లో ఓ ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు టైపిస్టుగా చేరిన కొత్తలో నాకో విచిత్రం తెలిసింది. మమ్మల్ని ఎనభై తొమ్మిది రోజులకే తీసుకునేవారు. తొంభయ్యో రోజు ఇంట్లో కూర్చోబెట్టి, మర్నాడు మళ్లీ కొత్త ఆర్డరు చేతిలో పెట్టేవారు. విరామం లేకుండా పనిచేస్తే పర్మినెంటు చెయ్యమని ఎక్కడ కోర్టుకెక్కుతామోనని సర్కారువారి ముందుజాగ్రత్త. ఆ ఖాళీ రోజుని బ్రేకు అనేవారు. అందరూ దాన్ని తిట్టుకునేవారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ రోజు మీదే బెంగ.

ఆ రోజు నా పక్క సీటు అమ్మాయి నాతో ఉండేది మరి. వాళ్లది కృష్ణానగర్. నాన్న సినిమా సెట్లకి చెక్కపని చేసేవాడు. షూటింగు ఉంటేనే ఆయనకు పని, లేని నెలల్లో ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచి అందర్నీ ఆమె "అన్నా" అని పిలిచేది. నన్నొక్కణ్ణే పిలవలేదు. కోస్తా నుంచి వచ్చి, ఈ ఊళ్లో అడుగడుగునా అన్నా, భాయ్ అనిపించుకుంటున్న నాకు ఆ లోటు కొండంత ఆశ.

మొదట్లో మా బ్రేకులు వేర్వేరు రోజుల్లో వచ్చేవి. ఒకసారి సూపరింటెండెంటుగారి ముందు నసుగుతూ నిలబడి, ఆమె ఆర్డరు కొన్ని రోజులు తగ్గించి నాదానితోపాటే ముగిసేలా చూడమన్నాను. ఆయన కళ్లజోడు మీంచి చూసి, "సరేలేవయ్యా" అన్నారు. ఆమెకు చెప్పలేదు. అదృష్టం కొద్దీ కలిసొచ్చినట్టు నటించాను.

ఇక మా బ్రేకు రోజులు! పొద్దున్నే పంజాగుట్టలో ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అక్కణ్ణుంచి నడుచుకుంటూ అమీర్‌పేట. దారి పొడుగునా కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు చేతుల్లో కుక్కేవారు. ఉచిత డెమో క్లాసు ఎక్కడుంటే అక్కడ దూరేవాళ్లం.

"ఏసీ ఉన్నదేదో జర మంచిగ సూడు. జావా ఎవలికి గావాలె, సల్లగ కూసుందాం," అనేది.

"కాస్త మెల్లిగా అనండీ, వింటారు," అనేవాణ్ణి.

"నన్ను మీరు మీరు అంటవేంది? నేనేమన్న కలెక్టర్నా?"

అప్పుడైనా నువ్వు అనాల్సింది.

ఆ తర్వాత అమెరికాలో కంపెనీలు కూలడం మొదలైంది. దాని దెబ్బ నెలలు తిరక్కుండానే అమీర్‌పేట సందుల్లోకి వచ్చింది. మేం కూర్చున్న చివరి డెమో క్లాసులో మేమిద్దరమే ఉన్నాం. పాఠం చెప్పేవాడు అమెరికాలో ఉద్యోగం పోయి తిరిగొచ్చినవాడు. ఇద్దరి కోసం గంటసేపు ఒళ్లు దాచుకోకుండా చెప్పాడు. మేం చేరేవాళ్లం కాదని ఆయనతో చెప్పలేక తలొంచుకుని బయటకొచ్చేశాం. షూటింగులూ పలచబడ్డాయి. వాళ్ల నాన్న ఉలి మూలన పడింది. ఇంటికంతటికీ ఆమె జీతమే మిగిలింది.

సరిగ్గా అప్పుడే సర్కారుకు పొదుపు గుర్తొచ్చింది. మా నాలుగో బ్రేకు రోజున, మేం ఇరానీ హోటల్లో బిస్కెట్టు ఎవరిది పెద్దదని పోట్లాడుకుంటూ ఉన్న పూట, ఉత్తర్వు వచ్చింది. ఆ తేదీకి పనిలో ఉన్నవాళ్లను కొనసాగించాలి, కొత్తగా ఎవర్నీ తీసుకోకూడదు. ఆ లెక్కన మర్నాడు తిరిగొచ్చే మేం కొత్తవాళ్లం. నేను వేలు పెట్టకపోయి ఉంటే ఆమె ఆర్డరుకు ఇంకా గడువుండేది, ఆ రోజు సీట్లోనే ఉండేది.

"రాబడి పడిపోయింది కదయ్యా, ఖర్చు తగ్గించుకోక తప్పుతుందా? మనింట్లో అయినా అంతేగా," అన్నారు సూపరింటెండెంటుగారు, మా మొహాలు చూడలేక.

ఆర్థికశాస్త్రం నేను చదవలేదు. కానీ ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక ఇల్లు కడుపు కట్టుకుంటే ఆ ఇంటికే కష్టం. ఊరంతా కడుపు కట్టుకున్న రోజుల్లో సర్కారు కూడా అదే పని చేస్తే కొనేవాడెవడు? మాలాంటివాళ్లు చాయ్ మానేశారు, హోటలువాడు పనివాళ్లను తగ్గించాడు, హాస్టళ్లకు టులెట్ బోర్డులు వేలాడాయి. వీళ్లెవరి దగ్గరా పన్ను రాకపోయేసరికి రాబడి ఇంకా పడిపోయింది. అందుకని కొత్త నియామకాల మీద నిషేధం పొడిగించారు! మందు వికటిస్తే మోతాదు పెంచే డాక్టర్ని అక్కడే చూశాను. రెండేళ్లకు గానీ దాన్ని ఎత్తెయ్యలేదు. మా సీట్లకే పేపర్లో ప్రకటన పడింది. అప్పటికి ఐటీ మళ్లీ పుంజుకుని నేను టెస్టింగు ఉద్యోగంలో ఉన్నాను. ఆమె ఊళ్లోనే లేదు.

ఉద్యోగం పోయాక మూడు నెలలు ఆమె ఎక్కడెక్కడో తిరిగింది. చివరికి జహీరాబాద్ వైపు ఓ మిషన్ స్కూలు హాస్టల్లో పని దొరికితే, ఇంటిల్లిపాదీ బయల్దేరారు. వెళ్లేముందు అదే హోటల్లో చాయ్ తాగాం. తలెత్తకుండా అంతా చెప్పేశాను. తేదీ మార్పించింది నేనే, ఉద్యోగం పోవడానికి కారణం నేనే అన్నాను.

ఆమె బిస్కెట్టు రెండుగా తుంచి, పెద్ద ముక్క నా సాసర్లో పెట్టింది.

"నాకు ఎరుకనే. నేను సంతకం పెట్టకుంటే నా ఆర్డర్ ఎట్ల తగ్గుతది? సార్ నన్ను పిలిచి అడిగిండు. నేనే సరే అన్న."

తర్వాత చాలాసేపు నావంకే చూసింది. నేనేమంటానోనని చూసిందని ఇప్పుడు తెలుస్తోంది. హోటలు ముందు స్టాపులోకి ఆమె బస్సొచ్చింది.

"జాగ్రత్తగా వెళ్లండీ," అన్నాను.