ఎడమవైపుకే తిరిగే ట్రాక్‌పై చాముండేశ్వరి

ఆ ఆదివారం ఉదయం మా ఇంటి ముందు శ్రీవిద్య కారు టైర్లలో గాలి చూసింది నా భార్య చాముండేశ్వరి. శ్రీవిద్య అమెరికాలో మేముండే షాంటిలీకి కొత్తగా వచ్చిన అమ్మాయి. ఆ వారంలోనే డ్రైవింగ్ టెస్టు ఉంది.

"వెనక కుడి టైరు తగ్గింది. దార్లో కొట్టించుకుని వెళ్ళు. స్టీరింగ్‌ని అంత గట్టిగా పట్టుకోమాకు, అదెక్కడికీ పారిపోదు," అని చెప్పి లోపలికి వచ్చింది. చేతులు కడుక్కుంది. కాఫీ కలపమని నాకు చెప్పి సోఫాలో కూర్చుంది. నేను కప్పులతో వచ్చేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిపోయిందన్నారు. 2015 మార్చి నెల అది. ఆమెకు యాభై కూడా నిండలేదు.

సంతాపసభలో మాట్లాడినవాళ్ళందరూ డ్రైవింగ్ నేర్పిన ఆంటీనే తలచుకున్నారు. అంతకుముందు ఆమె ఎవరో వాళ్ళలో చాలామందికి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

చాముండేశ్వరి తండ్రికి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉండేది. మా రెండిళ్ళూ గుణదల కొండవాలులోనే. వాళ్ళది కింద, రోడ్డు పక్కన. మాది పైన, మెట్లెక్కి వెళ్ళాలి. పెళ్ళయ్యాక ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వర్జీనియా వచ్చాం. 2001 వేసవిలో ఆఫీసువాళ్ళతో కలిసి కొండల అవతల ఉన్న ఒక చిన్న రేసు ట్రాక్‌కి వెళ్ళింది. అక్కడ పరిగెత్తేవి స్టాక్ కార్లు. చూడటానికి రోడ్డు మీద కారులాగే ఉంటాయి, లోపలంతా ఇనుప గొట్టాలు. అర మైలు చుట్టు, అన్నీ ఎడమ మలుపులే. మలుపుల్లో ట్రాక్ గిన్నె అంచులా వాలి ఉంటుంది. లోపలి వరస పల్లం, బయటి వరస ఎత్తు.

"ఏమండీ, నేనూ నడుపుతాను," అంది ఇంటికి రాగానే.

"ఏంటి, లాన్ మూవరా?"

"నవ్వండి నవ్వండి. రేపు మీరే వచ్చి టైర్లు మోస్తారు."

మోశాను. రెండేళ్ళలో మా గరాజులో పాత రేసు కారొకటి చేరింది. మొదటి ఏడాది గోడకు గుద్దని వారం లేదు. ఇంజన్ మోత విని కారులో ఏం తేడా వచ్చిందో చెప్పడం ఆమెకు పుట్టింటి విద్య. నాలుగో ఏటికి గెలవడం మొదలుపెట్టింది. ఆమె పేరు నోరు తిరగక మైకులో "చామ్" అనేవారు. కారు తలుపు మీద కూడా అదే రాయించాం.

హెల్మెట్‌లో ఉన్నవాళ్ళకి పక్కనెవరున్నారో కనబడదు. గ్యాలరీ పైకప్పు మీద నిలబడి రేడియోలో చెప్పేవాడొకడుండాలి. వాణ్ణి స్పాటర్ అంటారు. నేను ఆ పని చేసేవాణ్ణి. ఒక జట్టు మాటలు ఇంకో జట్టు వినడం అక్కడ మామూలే. అందుకే మేం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఆ కొండల్లో తెలుగు ఎవరికొస్తుందని మా ధీమా.

2006 అక్టోబరులో చివరి రేసు. పాయింట్లలో చాముండి, టైర్ల షాపు యజమాని వేన్ సమానంగా ఉన్నారు. ఎవరు ముందొస్తే ఛాంపియన్‌షిప్ వాళ్ళది. ఆఖరి చుట్లలో వేన్ ముందు, ఆమె వెనక.

"లోపల్నుంచి పో," అన్నాను. ఆమె తిరిగేలోపే వేన్ కారు లోపలికి జరిగి దారి మూసేసింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ మూసింది. తలతిప్పి చూస్తే వేన్ స్పాటర్ పక్కన మంకీక్యాప్ పెట్టుకున్న పెద్దమనిషొకాయన, దానిమీద హెడ్‌ఫోన్లు.

"నమస్కారమండీ, పద్మనాభం అంటారు," అన్నాడు ఇబ్బందిగా. "వేన్ దగ్గరే టైర్లు వేయిస్తాను. రమ్మంటే కాదనలేకపోయాను. ఇక్కడ తెలుగు వినడమే కరువు, మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే ముచ్చటగా ఉంది."

ఐదేళ్ళ కష్టం ఇంకో పదిచుట్లలో తేలిపోతుంది. ఏం మాట్లాడినా వేన్‌కి చేరుతుంది, మాట్లాడకపోతే ఆమెకు దారి కనబడదు. అప్పుడు గుణదల కొండవాలు గుర్తొచ్చింది.

"చాముండీ, ఇక పుట్టింటికి వెళ్ళమాకు. అత్తారింటికి పో," అన్నాను.

ఇంజన్ మోతలోంచి ఆమె గొంతు వినిపించింది.

"అత్తయ్య ఉందా ఇంట్లో?"

"లేదు. ఇల్లంతా ఖాళీ."

"ఏమంటున్నాడు?" అని వేన్ స్పాటర్ అడిగాడు.

"ఫ్యామిలీ మ్యాటర్ సర్," అన్నాడు పద్మనాభం.

చాముండి కారు ఎత్తు వరసకెక్కింది. "అత్తారింట్లోనే ఉండు" అని ప్రతి చుట్టూ అన్నాను. వేన్ లోపలే కాపలా కాస్తున్నాడు. చివరి చుట్టులో, మూడో మలుపు దగ్గర, గోడను రాసుకుంటున్నట్టు పైనుంచి దిగి ముందుకెళ్ళిపోయింది. జెండా ఊగాక వేన్ నడిచొచ్చి ఆమె చేయి పట్టుకుని పైకెత్తాడు. హెల్మెట్ తీసి ఆమె నాతో అన్న మొదటి మాట: "అత్తారిల్లు ఇంత బాగుంటుందని ముందే చెప్పొచ్చుగా."

మరుసటి ఏడూ ఛాంపియన్‌షిప్ ఆమెదే. 2010లో భుజం దెబ్బతిని మానేసింది. మానేశానన్న బాధ ఆమెలో ఎక్కువ రోజులు లేదు. పాలు తేవాలన్నా భర్త ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసే అమ్మాయిలను కూర్చోబెట్టుకుని గుడి పార్కింగ్‌లో డ్రైవింగ్ నేర్పేది. "నేను గెలిచిందంతా ఎడమకు తిరిగే. మీకు కుడివైపు కూడా నేర్పిస్తాను," అని నవ్వించేది. వాళ్ళు లైసెన్సు తెచ్చి చూపిస్తే, ట్రోఫీల పక్కన నిలబెట్టి ఫోటో తీసేది.

పద్మనాభాన్ని బురిడీ కొట్టించిన కథ నేను చెప్పని విందు లేదు. చాముండి పక్కనే కూర్చుని అందరికీ చారు పోస్తుండేది.

ఆమె పోయిన పదకొండో రోజున పద్మనాభం మా ఇంటికొచ్చాడు.

"ఒక మాటండీ. మీరు అత్తారిల్లు అనగానే ఆవిడ కారు పైకెక్కింది. చూస్తూనే ఉన్నానుగా, అర్థం కాకుండా ఉంటుందా? వేన్ మనిషికి చెప్పబుద్ధి కాలేదు."

"చాముండికి తెలుసా?"

"మర్నాడే ఫోన్ చేసి చెప్పుకున్నాను. 'మా ఆయనతో మాత్రం అనకండి అన్నయ్యగారూ, తన తెలివే గెలిపించిందని మురిసిపోతున్నారు' అన్నారు."