డ్రైవరు సీటు వెనక అచ్చులు

మా ఇంటి గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కూడా కట్టనివ్వలేదు నేను. గృహప్రవేశం రోజు మా అత్తమ్మ తెస్తే, కోసి కూర వండేశాను. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. దయ్యాలు, గాలులు అని పిల్లలెవరైనా మాట్లాడుకుంటుంటే బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించేదాన్ని. ఇప్పుడు చెప్పేది చదివి మీరు నవ్వినా నాకేం కోపం రాదు. అప్పుడైతే నేనూ నవ్వేదాన్నే.

షామీర్‌పేట వైపు రింగు రోడ్డు కోసం భూములు కొలుస్తున్న రోజులవి. మా ఆయన కోళ్ళ ఫారాలకు దాణా సప్లై చేసేవాడు. ఫారాలన్నీ రోడ్డు దిగి లోపలికి ఉంటాయి. వానాకాలం ఆ మట్టి బాటల మీద స్కూటర్ నడిపి నడిపి నడుం పట్టేసింది. బండి మానకపోతే మంచం పడతావని డాక్టరు గట్టిగా చెప్పాక కారు చూడడం మొదలుపెట్టాం.

మామూలు కారైతే గుంతల్లో అడుగు తగులుతుంది. పెద్ద జీపైతే మాకు ఎక్కువ. అప్పుడే ఒక రకం బండి రోడ్ల మీద కనిపిస్తోంది. కారు కంటే ఎత్తు, జీపు కంటే చిన్నది. స్టెప్నీ టైరు వెనక తలుపుకు బిగించి ఉండేది. అందరూ మినీ జీపు అనేవాళ్ళు. మా ఆయనకు దాని మీద మనసు పడింది.

ముందు షోరూంలో కొత్తది నడిపి చూశాం. స్టీరింగు వెన్నలా తిరిగింది. తలుపు వేస్తే మెత్తగా, గట్టిగా ఒక్క చప్పుడు. నాకు అక్కడే నచ్చింది. మా ఆయన మాత్రం, "షోరూం గేటు దాటంగనే సెకండ్ హ్యాండే అయితది. మంచిగ వాడినది దొరికితే గదే మేలు" అన్నాడు. అలియాబాద్‌లో అదే మోడల్ అమ్మకానికి ఉందని ఫారాల దగ్గర ఎవరో చెప్పారు. ఆదివారం పొద్దున ఇద్దరం వెళ్ళాం.

ఆ ఇంటి పెద్దాయన పేరు సత్తయ్య. రేకుల షెడ్డు కింద బండి పెట్టి ఉంది. అప్పుడే కడిగినట్టున్నారు, కింద నేలంతా తడి. తెల్లటి బండి, గీత కూడా లేదు.

మా ఆయనకు బండ్ల సంగతి బాగానే తెలుసు. బానెట్ అంచుల కింద వేలు పెట్టి మళ్ళీ రంగు వేశారా అని చూశాడు. ఆయిల్ కడ్డీ తీసి వేళ్ళ మధ్య రుద్దాడు. టైర్లు నాలుగూ ఒకే తీరుగా అరిగాయా అని వంగి చూశాడు. తలుపులన్నీ తీసి వేశాడు. షోరూంలో విన్న చప్పుడే. లేచి నిలబడి, "కొత్తదానికి దీనికి ఫరక్ లేదు" అన్నాడు మెల్లగా నాతో.

"యాక్సిడెంట్ ఏమన్న అయ్యిందా పెద్దాయనా?"

"గీ బండికి కాలేదు సారూ" అన్నాడు సత్తయ్య. "నా కొడుకుకు అయ్యింది. మనుమన్ని మోటర్ సైకిల్ మీద ఎక్కించుకొని పోయిండు. లారీ గుద్దింది. ఇద్దరు పోయిన్రు. గా దినం గీ బండి సర్వీసింగ్ల ఉండె."

అప్పుడే ఒక అమ్మాయి మాకు మంచినీళ్ళు తెచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. సత్తయ్య ఆమె వైపు చెయ్యి చూపించాడు.

"గీమెనే, నా కోడలు. సప్పుడు అస్తుంది, సర్వీసింగ్‌కు ఇయ్యుర్రి అని నా కొడుకు పానం తీసింది. ఇయ్యకపోతే ఇద్దరు బతికి ఉందురు."

ఆమె ముఖంలో ఏ కదలికా లేదు. రోజూ వినే మాటలా విన్నది. గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను చేతులు కడుక్కునే నెపంతో వెనకాలే పోయాను. ఆమె పేరు స్వరూప. నల్లా దగ్గర కూర్చుని బోళ్ళు తోముతోంది. నేనేమీ అడగకముందే తలెత్తింది.

"ఎనక సీట్ల సూసిన్రా అక్కా? డ్రైవర్ సీటు ఎనకంగ. బూట్ల అచ్చులు ఉన్నయా?"

లేవని చెప్పాను. అంతా శుభ్రంగా ఉందన్నాను.

"పోయినట్టే ఇగ" అంది. "మావోడు బడి నుంచి అస్తే బూట్లతోని వాళ్ళ నాయిన సీటును తన్నుకుంట కూసునేటోడు. ఎంత మొత్తుకున్న ఇనకపోతుండె. ఆయనేమో తుడువనియ్యకపోతుండె. వాడు పెద్దగైనంక మనమే ఎతుకుతం, ఉండనియ్ అనేటోడు. పొద్దుగాల మామ బ్రష్షు వెట్టి కడిగిచ్చిండు. తుడువకుర్రి అని కాళ్ళు మొక్కిన. గలీజు ఉంటే బేరం రాదన్నడు."

బయట మా ఆయన పిలుస్తున్నాడు.

నడిపి చూడడానికి షామీర్‌పేట చెరువు దాకా వెళ్ళి రావాలనుకున్నాం. మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. పక్కన సత్తయ్య. నేను వెనక, సత్తయ్య వెనక వైపు. మా ఆయన సీటు వెనక ఎవరూ లేరు. ఇది బాగా గుర్తుపెట్టుకుని చెబుతున్నాను. ఎక్కేటప్పుడు ఆ సీటు వీపును పనిగట్టుకుని చూశాను, స్వరూప చెప్పింది కాబట్టి. బూడిదరంగు బట్ట, ఇంకా తడి ఆరలేదు. మరక లేదు.

హైవే ఎక్కాక మా ఆయన స్పీడు పెంచాడు. కాసేపటికి, "ఏందే, సీటును ఎందుకు తంతున్నవ్?" అన్నాడు.

"నేనెందుకు తంత? నేను ఇటు పక్క ఉన్న" అన్నాను.

గుంత అనుకున్నాడేమో, ఊరుకున్నాడు. చెరువు కట్ట కనబడుతుండగా మళ్ళీ అన్నాడు. ఈసారి చిరాగ్గా. "నడుం నొస్తాంది, ఆపు." అని అద్దంలోకి చూశాడు. నేను ఎడమ తలుపుకు ఆనుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. బండి స్పీడు తగ్గింది.

సత్తయ్య మెడ బిగుసుకుపోయి ఉంది. వెనక్కి తిరగలేదు. "సాలు సారూ. ఇంటికి తిప్పుర్రి" అన్నాడు.

ఇంటి ముందు ఆగగానే నేను దిగి అటు వైపు తిరిగి తలుపు తీశాను. సీటు వీపు మీద, కింది భాగంలో, రెండు చిన్న బూట్ల అచ్చులు. ఎర్రమట్టి. తడి బట్ట మీద తడి మట్టి. నా అరచేతి కంటే చిన్నవి. మా ఆయన కూడా చూశాడు. నా చెప్పుల వైపు చూశాడు. నా చెప్పులకు మట్టి లేదు.

సత్తయ్య మమ్మల్ని పక్కకు నెట్టి వంగాడు. ఒక్క క్షణం ఆయన చెయ్యి గాలిలో ఆగింది. తాకుతాడనుకున్నాను. భుజం మీది తువ్వాల తీసి, పక్కనున్న బకెట్లో ముంచి, గట్టిగా రుద్దడం మొదలుపెట్టాడు.

లోపల్నుంచి స్వరూప ఉరికి వచ్చింది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో. ఆమె వచ్చేసరికి తడి తప్ప ఏమీ లేదు. ఆమె సీటును చూసింది. మామ చేతిలో తువ్వాలను చూసింది.

"ఏంది మామా గది?"

"ఏం లేదు. మట్టి."

"నాకు జర సూపియ్యకపోతివి" అంది.

అంతే అంది. ఆయన ఆ తువ్వాలను బకెట్లో పడేశాడు.

మా ఆయన బండి వద్దన్నాడు. సత్తయ్య ఎందుకని అడగలేదు. కానీ మేము గేటు దాటుతుంటే ఆయన గొంతు వినబడింది. "నువ్వు ముంగటికి అచ్చినవ్, బేరం పాయె. నీ మొఖం సూసినంక ఎవడు కొంటడే? లోపటికి నడువ్!" ఆమె ఏడుపు వినబడుతుందేమోనని ఆగాను. వినబడలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

తర్వాత వారమే షోరూంకు వెళ్ళి కొత్తది తీసుకున్నాం. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంచాం. మా కాంపౌండ్‌లోనే పెట్టుకునేవాళ్ళం, తాళం వేసి. మాకు పెళ్ళయి ఆరేళ్ళయినా అప్పటికి పిల్లలు లేరు. ఇది చెప్పక తప్పదు, ఎందుకంటే నెల తిరక్కముందే డ్రైవరు సీటు వెనక కవరు మీద రెండు చిన్న అచ్చులు కనిపించాయి.

మా ఆయన వీధిలో పిల్లలని తిట్టాడు. తలుపులకు తాళం వేసే ఉంది. నేనే తుడిచాను. కొన్నాళ్ళకు మళ్ళీ కనిపించాయి. అదే చోట, అదే ఎర్రమట్టి. మా కాంపౌండంతా సిమెంటు. మా ఆయన నాతో మాట్లాడకుండా రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు అన్నం తింటూ చెప్పాడు. "నడిపేటప్పుడు తన్నుతాండే. నీతోని చెప్పలేదు. ఒక్కన్నే ఉన్నప్పుడు కూడ."

ఎవరికైనా అమ్మేద్దామా అన్నాడు. నాకు స్వరూప ముఖం తప్ప ఏమీ గుర్తు రాలేదు.

ఆమె ఇప్పుడు అలియాబాద్ దగ్గరి ఒక ఫారంలో గుడ్లు ఏరుతోందని మా ఆయనే చెప్పాడు. దాణా దింపడానికి వెళ్ళినప్పుడు చూశాడట. ఇంట్లో తిండి దండగని సత్తయ్యే పనికి పెట్టాడు. కూలి కూడా ఆయనే వచ్చి తీసుకుపోతాడట. నేను మా ఆయన వెంట వెళ్ళి, షెడ్డు పక్కన నిలబెట్టి ఆమెకు అంతా చెప్పాను. నమ్ముతుందో లేదో అనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళకు కోడిపెంట వాసన.

"నిజంగనేనా అక్కా? మీ బండిల?"

సెలవు చూసుకుని మా ఇంటికి వచ్చింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చిన్న పిల్లవాడి పుట్టినరోజుకు వచ్చినట్టు వచ్చింది. ఒక బిస్కెట్ ప్యాకెట్ కూడా తెచ్చింది. నేను కావాలనే ముందురోజు బండి మొత్తం తుడిచి ఉంచాను, కొత్తగా వస్తే తెలుస్తుందని.

మా ఆయన ఆమెను వెనక కూర్చోబెట్టుకుని షామీర్‌పేట చెరువు దాకా తీసుకెళ్ళాడు. నేను ముందు సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన వీపు నిటారుగా పెట్టి, తన్ను కోసం ఎదురుచూస్తూ నడిపాడు. అంత నెమ్మదిగా ఆయన ఎప్పుడూ నడపలేదు. కట్ట దగ్గర ఆపాం. మళ్ళీ తిరిగి వచ్చాం. "తన్నిండా అన్నా?" అని ఆమె దారిలో ఎన్నిసార్లు అడిగిందో. లేదని నోటితో చెప్పలేక ఆయన తల అడ్డంగా ఊపుతూ వచ్చాడు.

ఇంటికి వచ్చాక కూడా దిగలేదు. ఎండలో, తలుపులు తీసి పెట్టుకుని, ఆ ప్లాస్టిక్ కవరు వైపే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి మెల్లగా ఏదో మాట్లాడడం వినబడింది. బువ్వ పెడతాను రమ్మంటే వద్దంది. పొద్దు గుంకేముందు తనే దిగింది. బిస్కెట్ ప్యాకెట్ నా చేతికిచ్చింది.

"గుర్తు పట్టలేదేమో అక్కా" అంది. "వాడు సూసినప్పుడు నాకు బొట్టు ఉండె గద. పూలు వెట్టుకుంటుంటి. గిట్ల ఎన్నడు సూడలేదు వాడు నన్ను."

నేను నా నుదుటి బొట్టు తీసి ఆమెకు పెట్టబోయాను. ఆమె తల వెనక్కి తీసుకుంది. "మామ సంపుతడు" అంది.

తెల్లవారి మా ఆయన బయటినుంచి నన్ను పిలిచాడు. ఆ పిలుపులోనే నాకు అర్థమయింది. సీటు వెనక రెండు అచ్చులు ఉన్నాయి. ఇంకా తడి ఆరలేదు. ఎప్పటికంటే పైన, దాదాపు తల ఆనించుకునే చోట. సీట్లోకి ఎక్కి నిలబడి తన్నినట్టు.

ఫారంలో ఫోను ఉంది. చేసి స్వరూపను పిలిపించాను. చెప్పాను. వెనక కోళ్ళ గోల వినబడుతోంది.

"ఇగ నాకు చెప్పకుర్రి అక్కా" అంది. "మీ కాళ్ళు మొక్కుత. చెప్పకుర్రి."

ఫోను పెట్టేసింది. ఆ అచ్చులను నేను తుడవలేదు. ఎండకు మట్టి ఆరి, పొడిపొడిగా దానంతటదే రాలిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ రాలేదు. బండిని ఇంకా కొన్నేళ్ళు వాడాం. ఆయన నడుం మీద ఒక్క తన్ను కూడా పడలేదు.

మట్టి మా ఆయన బూట్లకు అంటుకుని వచ్చిందంటారు కొందరు. వస్తే రావచ్చు. కానీ ఆయన బూట్లు అంత చిన్నవి కావు, ఆయన సీటు వెనక ఆయన కూర్చోడు. ఇంకెవరి బండో కడిగేస్తే మా కొత్త బండికి ఎందుకు రావాలి? కన్నతల్లి పగలంతా కూర్చుంటే రానిది, ఆమె వెళ్ళిపోయాక ఎందుకు రావాలి? నాకు తెలియదు. లెక్కలు చెప్పేదాన్ని, ఎటునుంచి చేసినా ఇది తెగలేదు. స్వరూప మాత్రం తర్వాత ఫారంలో మా బండి కనబడితే గుడ్ల ట్రేలు దించేసి, అది వెళ్ళిపోయేదాకా షెడ్డు లోపలే ఉండేదట.