మా అత్త గెలిచిన రుమాలు

మా మేనత్త పోయింది. బద్వేలు నుంచి బొగ్గుతో నడిచే తొలి బస్సులో వచ్చిన అక్కడి మా సాలెవీధి మనిషి, కడపలో మా ఇంటికి నేరుగా వచ్చి ఆ మాట చెప్పి అరుగు మీద కూలబడ్డాడు. అదే బస్సు వెనక్కి పోయేటప్పుడు నేనూ ఎక్కాను. నేనెవరి కోసం పోతున్నానో తెలిసిన పక్కసీటు ఆవిడ, మీ అత్త శానా నెమ్మదస్తురాలంట కదా అంది. నేను తలూపలేదు. మా అత్త నెమ్మదస్తురాలు కాదు. పోయినవాళ్ళకు అంటగట్టే ఆ మంచిమాట ఆమె వెంట పోవడం నాకు ఇష్టం లేకనే ఇది రాస్తున్నాను.

మా సాలెవీధిలో ఆడవాళ్ళు నూలు చుడతారు, గంజి పెడతారు. మగ్గం గుంటలో దిగి నేసేది మాత్రం మగవాడే. ఏటా అమ్మవారి జాతరకు ముందు నేతపోటీ పెట్టేవారు. అందరికీ ఒకే నూలు, ఒకే కొలత. అందరికన్నా బాగా నేసినవాడి తలకు కులపెద్ద తన చేతులతో ఎర్రంచు రుమాలు చుట్టేవాడు. మా వైపు తలపాగాను రుమాలే అంటారు. గెలిచినవాడు దాన్ని పెట్టెలో దాచుకుంటే, చనిపోయిన రోజున అదే తలకు కట్టి సాగనంపేవారు.

మామకు కుడిచెయ్యి పడిపోయిన ఏడు, మగ్గం మీద మగవాడు లేని ఇంటికి నూలు ఇవ్వనన్నాడు షావుకారు. అత్తకు నేత వచ్చు. మామ సంతకు పోయినప్పుడల్లా తలుపు చేరవేసుకుని గుంటలో దిగి నేర్చుకుంది. పోటీలో గెలిచిన ఇంటికి నూలు ఆపే ధైర్యం ఏ షావుకారుకూ ఉండదని ఆమె లెక్క. అందుకే కులం కూటానికి వెళ్ళి తననూ చేర్చుకోమని అడిగింది.

కులపెద్ద కోప్పడలేదు, నవ్వాడు. ఆడవాళ్ళ స్వభావంలోనే పోటీ లేదనీ, నలుగురితో సర్దుకుని పనిచేసుకుపోవడం వాళ్ళకు దేవుడిచ్చిన గుణమనీ మెత్తగా చెప్పాడు.

"మాకు పోటీ చేతకాదని మీరంటాండారు. ఒకతూరన్నా పిలిచి చూసినారా అప్పా?" అంది అత్త.

మధ్యలో తనే వదిలేస్తుందిలే అనుకున్నాడేమో, కులపెద్ద చివరికి సరే నెయ్యమన్నాడు.

ఆ పోటీకి ఆమెకు నూలు కండెలు చుట్టి ఇచ్చింది నేనే. మగవాళ్ళు తలుపులు బిగించుకుని నేస్తే, అత్త తలుపులు బార్లా తెరిచి నేసింది. వీధిలో ఆడవాళ్ళంతా గడప దగ్గర చేరేవారు. ఎవరైనా మెచ్చుకుంటే చిరాకుపడేది. "బాగుండాదని చెప్పొద్దు. యాడ బాగలేదో చెప్పు" అనేది. ఎదురింటి మగ్గం చప్పుడు ఆగితే చాలు, ఆమె కళ్ళు మెరిసేవి. దారం తెగిందేమో చూసి రమ్మని నన్ను తరిమేది. తెగిందని చెబితే నోటితో పాపం అనేది, చేత్తో వేగం పెంచేది. అంత పంతం నేను మగవాళ్ళలోనూ చూడలేదు. నాకు ఆమె మీద ప్రేమ పుట్టిందే ఆ పంతం చూసి.

నేసిన గుడ్డలన్నీ అమ్మవారి ముందు పరిచారు. ఏది ఎవరిదో తెలియకుండానే పెద్దలు తడిమి తడిమి ఒకటి తీశారు. అది మా అత్తది. అయితే ఇంట్లో ఎవరు నేసినా ఆ ఇంటి మగవాడి పేరు చెప్పడం మా వాళ్ళకు అలవాటు. కులపెద్ద, మా మామ పేరు పిలిచి రుమాలు మడత విప్పాడు.

మామ లేచాడు. "నేసింది నేను కాదు. కట్టేదుంటే దాని తలకు కట్టండి" అన్నాడు.

ఆడదాని తలకు రుమాలేమిటని అందరూ నవ్వారు. కులపెద్ద ఎటూ తేల్చుకోలేక అలాగే నిలబడిపోయాడు. అత్త ముందుకు వచ్చి అతని చేతిలోంచి గుడ్డ తీసుకుంది. "తలకు కట్టకపోతే మానె. నాకు గుడ్డతో పని ఉండాది" అని వచ్చేసింది. షావుకారు నూలు ఇవ్వక తప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చి మాత్రం చాలాసేపు ఏడ్చిందని మామ తర్వాత చెప్పాడు.

ఆమెను చూసి మరికొందరు ఆడవాళ్ళు గుంటలో దిగారు. చంటిబిడ్డల తల్లులకే కుదిరేది కాదు. ఎదురింటి కోడలు బిడ్డ ఏడుపుకు మాటిమాటికీ లేవడం చూసి, అత్త పెట్టెలోంచి రుమాలు తీసి ఆమె మగ్గం పక్కన దూలానికి ఉయ్యాల కట్టింది. చచ్చాక తలకు కట్టాల్సిన గుడ్డ కదా అంటే, చచ్చినోళ్ళ తలకు చలేస్తుందా అని నవ్వింది. ఆ ఉయ్యాల తర్వాత ఎన్ని ఇళ్ళు తిరిగిందో.

నేను వెళ్ళేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ముసలివాడైన కులపెద్ద కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఆ పొద్దు కట్టలేకపోతిని. ఈ పొద్దు కడతా, రుమాలు తీయండి" అన్నాడు.

అది మూడిళ్ళ అవతల ఉందని చెప్పి తీసుకెళ్ళాను. చావుకు వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. రంగు వెలిసిన ఎర్రంచు ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది. తల్లి గబగబా బిడ్డను ఎత్తుకోబోతే, ముసలాయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపు చూసి, ఉయ్యాలను మెల్లగా ఒకసారి ఊపి, బయటికి వచ్చేశాడు.

అత్తను ఉత్త తలతోనే సాగనంపాం. మర్నాడు నేను బస్సుకు పోతుంటే ఆ ఉయ్యాల ఉన్న ఇంట్లో మగ్గం మళ్ళీ ఆడుతోంది. ఉయ్యాల తాడు, నేసేటప్పుడు పోగును దగ్గరికి కొట్టే మగ్గం పలకకు కట్టి ఉంది. ఆ తల్లి పలక లాగినప్పుడల్లా రుమాలు ఊగుతోంది.