నేల మీద దింపువాడు

ఏ, బీలు కూడా రాని బుర్ర అని మాస్టారు తేల్చేశాక ఆరో తరగతిలోనే బడి మానేశాను. పాతికేళ్ళ తర్వాత రాజమండ్రిలో రక్తం పరీక్ష చేసినవారిదీ అదే మాట: ఏ లేదు, బీ లేదు. మాస్టారు సూది గుచ్చకుండానే చెప్పారు.

హెర్నియా ఆపరేషనుకని వెళ్ళాను. ఆ రెండూ లేకపోతే 'ఓ' గ్రూపట, అందులో వింతేమీ లేదట. కానీ 'ఓ' గ్రూపు రక్తం తెచ్చి నా రక్తంతో కలిపి చూస్తే విరిగిన పాలలా ముద్దకట్టింది. కొబ్బరి రాశుల మీద ఎవరి గుర్తు వారు వేసుకున్నట్టే ఎర్రకణాల మీదా గుర్తులుంటాయని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. 'ఓ' గ్రూపు వారికి కూడా అడుగున ఒక గుర్తుంటుంది, నాకు అదీ లేదు. నాలాంటివాడి రక్తం తప్ప ఇంకెవరిదీ నాకు పడదు. దీన్ని బొంబాయి గ్రూపంటారట. నేను రాజమండ్రి దాటి ఎరగను, నా రక్తం మాత్రం బొంబాయి వెళ్ళొచ్చింది.

రక్తం ఎక్కించే అవసరం రాకుండానే ఆపరేషన్ గట్టెక్కింది. ఏం పని చేస్తావని ఆయన అడిగితే కొబ్బరి దింపు అన్నాను, చెట్టెక్కి కాయలు కోసి దింపడం. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

ఇంటికి రాగానే మా ఆవిడ నా కత్తినీ, కాళ్ళకు వేసుకుని ఎక్కే బందాన్నీ దాచేసింది. మేనమామ కూతురే కదా, తనదీ అదే రక్తమేమోనని ఆశపడి పరీక్ష చేయించుకుంది. మా తమ్ముణ్ణీ లాక్కెళ్ళింది. ఇద్దరివీ మామూలు గ్రూపులే. వచ్చి ఆ పూట అన్నం తినలేదు. ఆ తర్వాత బండి తాళం పోయింది, గెడ్డం బ్లేడు పోయింది. కాయలు ఒలుస్తానంటే గునపం పదునని వద్దంది. చివరికి నేను దింపు తీసే రైతుగారి తోటలో రాలిన కాయలు ఏరే పని మిగిలింది. ఇరవయ్యేళ్ళు పైనుంచి గోదారి దాకా చూసిన ఊరు, కిందనుంచి చూస్తే అన్నీ ప్రహరీ గోడలే.

మొన్న ఆవిడ రామచంద్రపురం వెళ్ళినప్పుడు బియ్యం డబ్బాలో బందమూ కత్తీ దొరికాయి. తోటకెళ్ళి ఎక్కేశాను. చెట్టు తల మీది మొవ్వు దాకా వెళ్ళి, గెల మీద చెయ్యి వేసి, ఎన్నడూ లేంది కిందకు చూశాను. చెట్టు ఊగుతోందనుకున్నాను. గాలి లేదు, వణికేవి నా కాళ్ళు. కాయ కోయలేను, దిగలేను. మానును కావలించుకుని ఎంతసేపున్నానో తెలియదు. ఎలాగో జారుకుంటూ దిగేసరికి చెట్టు మొదట్లో మా ఆవిడ, చేతిలో సంచీతో.

"చూశావా, చుక్క రక్తం కారలేదు," అన్నాను.

ఆవిడ నా కాళ్ళ నుంచి బందం తీసి దులిపి నా చేతిలోనే పెట్టింది.

"ఇంక దాచనులే మావా, నువ్వే ఉంచుకో. ఇందాకటి నుంచీ నీ కాళ్ళే చూస్తన్నాను. నాకంటే అవే గట్టిగా కాపలా కాస్తాయి."