మా బావ అడుగెత్తు సైన్యం

మా బావ ఈ లోకంలో ఏ తప్పునైనా క్షమిస్తాడు గానీ, పట్టీ తప్పును క్షమించడు. పక్కింటివాడు మన గుమ్మానికి అడ్డంగా కారు పెట్టినా, అసిస్టెంటు చెప్పకుండా సెలవు పెట్టినా చిరునవ్వుతో ఊరుకుంటాడు. కానీ అడుగెత్తు సైనికుడి బొమ్మకు కుడి తొడ మీద ఉండవలసిన తుపాకీ ఒర ఎడమ తొడ మీద కనిపించిందా, ఆ పూట ఆయనకు ముద్ద దిగదు.

బొమ్మ అన్నానా? అనకూడదు. ఫిగర్ అనాలి. మెడ, మోకాళ్ళు, ముంజేతులు, చివరికి వేళ్ళు కూడా వంగే ఫిగర్. ఒంటి మీద అసలు గుడ్డతో కుట్టిన దుస్తులు, గుండెకు కవచం, కవచానికి సంచులు, సంచులకు గోరులో సగముండే బకిళ్ళు. ఈ కాలపు సైన్యాల ఫిగర్లే ఆయన సేకరిస్తాడు. కత్తీ డాలూ కాలం వాళ్ళకి ఆయన ఇంట్లో ప్రవేశం లేదు. ఒకసారి నేను నోరు జారి బొమ్మలన్నాను.

"బొమ్మలంటే ఆడుకునేవోయ్," అన్నాడు.

"మరి ఇవి?"

"వీటితో ఎవడైనా ఆడితే చంపేస్తాను."

యుద్ధపు బొమ్మలు మనసును కఠినం చేస్తాయని మా యూనివర్సిటీలో నా సహోద్యోగి ఒకాయన సందు దొరికినప్పుడల్లా ఉపన్యసిస్తుంటాడు. ఆయన్ని ఒకసారి మా బావ దగ్గరికి పంపాలి. మా బావ పళ్ళ డాక్టరు. పన్ను పీకేముందు రోగికి క్షమాపణ చెప్పుకుంటాడు. పీకాక పన్నుకు కూడా చెప్పుకుంటాడేమోనని నా అనుమానం. పోతే, నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి ఎదురు మాట్లాడలేడన్నది ఆ వృత్తిలో ఉన్న పెద్ద సదుపాయం. "హెల్మెట్ గడ్డం పట్టీ ఉంది చూశారూ, అది చెవి వెనకనుంచి రావాలి గానీ ముందునుంచి కాదు. ఏమంటారు?" అని అడుగుతాడు. రోగి "ఆ ఆ" అంటాడు. మా బావ దాన్ని ఏకాభిప్రాయం కింద లెక్క వేసుకుంటాడు.

ఈ జబ్బు అడుగెత్తు మనుషులతో ఆగితే బాగుండేది. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాడు. గుమ్మం దగ్గర గార్డు నిలబడి ఉన్నాడు. నేను లోపలికి నడిచి వెనక్కి చూస్తే బావ లేడు. గార్డు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తుపాకీ మనిషి నడుముపట్టీ విప్పుతున్నాడు.

"సార్! సార్! ఏంటి సార్ ఇది?" అంటున్నాడు గార్డు, రెండు చేతులూ పైకెత్తి. తుపాకీ ఉన్నవాడు చేతులెత్తడం నేను అప్పుడే చూశాను.

"కదలకయ్యా. ఈ లూపు బెల్టు మీదుగా వేసుకున్నావు. కిందనుంచి రావాలి. ఎవరు నేర్పారు నీకు?"

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఆయన పై పన్నుకు కట్టిన తొడుగు మా బావ చేతిదే కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ సాయంత్రం నేను జామీను కోసం తిరుగుతూ ఉండేవాణ్ణి.

ఇక ఇంట్లో సంగతి. ఫిగర్ తల మార్చాలంటే ఆ ప్లాస్టిక్కును వేడినీళ్ళలో మెత్తబరచాలట. కొత్త యూనిఫాం యుద్ధంలో నలిగినట్టు కనిపించాలంటే టీ డికాక్షన్‌లో నానబెట్టాలట. ఈ రెండు శాస్త్రీయ సత్యాలూ మా అక్క వంటింట్లోనే నిరూపణయ్యాయి. మా డిపార్ట్‌మెంటు హెడ్డుగారిని ఒకసారి అక్క ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన టీ తాగి, "చాలా చిక్కగా ఉందమ్మా, ఏ ఆకు?" అని మెచ్చుకున్నారు. అక్క మురిసిపోయి రెండో కప్పు పోయబోతూ కెటిల్ మూత తీసింది. లోపల ముగ్గురు సార్జెంట్ల తలలు తేలుతున్నాయి.

"ఏవండీ!" అంది అక్క. ఆ ఒక్క పిలుపులో పెళ్ళినాటినుంచి ఆ రోజుదాకా జరిగినదంతా ఉంది.

"ఇంకాసేపు ఉంచు. మెడలు ఇంకా బిగువుగానే ఉంటాయి," అన్నాడు మా బావ హాల్లోంచి.

ఇలాంటివాళ్ళు ఊరికొకడుంటే సర్దుకోవచ్చు. ఒక సంఘానికి సరిపడా ఉన్నారు. ఫర్నిచర్ షాపు మీది హాల్లో ఏటా ప్రదర్శన పెట్టుకుంటారు. అందులో ఒక కఠినమైన ఆచారముంది. ఎవరి ఫిగర్ మీదైనా ఎవరైనా తప్పు పట్టవచ్చు. పట్టినప్పుడు యజమాని తన ఫిగర్ వేషం నిజమేనని ఫొటో చూపించాలి. ఏ దేశం, ఏ దళం, ఏ కాలం అన్నీ కుదరాలి. చూపించలేకపోతే ఆ ఫిగర్‌ను అందరి ముందూ బోర్లా పడుకోబెట్టాలి. ప్రదర్శన ముగిసేదాకా అది ముఖం బల్లకు ఆనించుకుని పడి ఉంటుంది. పక్కనే యజమాని, పెళ్ళిలో చెప్పులు పోయినవాడిలా నిలబడి ఉంటాడు.

ఆ హాల్లో బోర్లా పడిన ఫిగర్లలో మూడొంతులు మా బావ పడుకోబెట్టినవే. అక్కడ ఆయన పేరు బోర్లా డాక్టరు. ఒక ఏడాది తన ఫిగర్‌కే బూటు తాడు తప్పు ముడి పడిందని తానే కనిపెట్టి, ఎవరూ అడక్కుండానే తానే దాన్ని పడుకోబెట్టాడు. ఆ రోజు కొందరు చప్పట్లు కొట్టారు. మా అక్క మాత్రం, "నన్నిలా ఇంకో ఏడాది ఇక్కడ కూర్చోబెడితే నేనే బోర్లా పడతాను," అంది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈ మనిషి చేతిలో మా నాన్న పరువు పడింది.

నాన్న అక్క దగ్గరే ఉంటాడు. ఆదివారం వంట ఆయనదే. మిగతా రోజుల్లో ఆయన పని కబుర్లు చెప్పడం. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు సైన్యంలో ఉన్నాడు. విమానంలోంచి చీకట్లో దూకడం, శత్రు స్థావరంలో పాక్కుంటూ వెళ్ళడం వింటూ పెరిగాం మేము. ఇప్పుడవే కథలు పార్కులో పొద్దున నడిచే మిత్రబృందానికి చెబుతున్నాడు. అందులో ఒక రిటైర్డ్ స్టేషన్‌మాస్టరు ఉన్నాడు. జీవితమంతా రైలు ఆలస్యానికి సాకులు చెప్పినవాడు కావడంతో ఎదుటివాడి సాకును వాసనతో పట్టేస్తాడు.

"ఫొటో ఒక్కటైనా ఉండాలి కదయ్యా కమాండో," అన్నాడట.

"రహస్య దళంలో ఫొటోలేమిటి? తీస్తే కోర్టు మార్షలే."

"అయితే మీ అల్లుడు చేస్తాడుగా బొమ్మలు. నీ బొమ్మ ఒకటి చేయించు. ప్రదర్శనకు మేమంతా వస్తాం. అక్కడ తప్పయితే బోర్లా వేస్తారట కదా? చూద్దాం, నువ్వు నిలబడతావో పడుకుంటావో!"

నాన్న సరేనన్నాడు. ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుని నీళ్ళు అడిగాడు. తాగలేదు.

ఆ సాయంత్రం మా బావ ఎదురుగా కూర్చుని తన వేషం వర్ణించాడు. నేను అక్కడే ఉన్నాను. పదేళ్ళుగా బావ ఉపన్యాసాలు భరించిన పాపానికి ఆ శాస్త్రం నాకూ కొంత అంటుకుంది. నాన్న నోరు విప్పిన కాసేపటికే నాకు చెమటలు పట్టాయి.

"రెండు తొడలకీ రెండు తుపాకులు," అన్నాడు నాన్న.

"ఊఁ," అన్నాడు బావ.

"మోకాళ్ళకి దెబ్బ తగలకుండా చిప్పలు. హెల్మెట్ మీద చీకట్లో చూసే అద్దాలు. ముఖానికి నల్లరంగు."

"చీకట్లో చూసే అద్దాలుంటే చీకటి కోసం రంగెందుకు నాన్నా?" అన్నాను, ఉండబట్టలేక.

"శత్రువుకి మాత్రం అద్దాలుండవుట్రా!" అని కసిరాడు నాన్న. "ఇంకా అల్లుడూ, వీపు మీద కత్తి. పిడి పైకి. భుజం మీదనుంచి ఇలా లాగేవాళ్ళం."

నాన్న సైన్యంలో ఉన్న రోజుల్లో ఆ మోకాలి చిప్పలు లేవు. అద్దాలు లేవు. వీపు మీద కత్తి పెట్టుకున్న సైనికుడు సినిమాలో తప్ప ఎక్కడా లేడు. బ్యాంకు గార్డు బెల్టునే వదలని మనిషి ఇప్పుడు ఏమంటాడోనని నేను ఊపిరి బిగబట్టాను. బావ పెన్సిలు చెవిలో దోపుకుని, "కత్తి పిడి నలుపా, గోధుమరంగా మామయ్యగారూ?" అని మాత్రం అడిగాడు.

"నలుపు," అన్నాడు నాన్న.

ప్రదర్శన రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముఖం మాత్రం ఇస్త్రీ చెయ్యకుండా వచ్చాడు. మిత్రబృందం మొత్తం దిగింది. స్టేషన్‌మాస్టరు ముందు వరసలో నిలబడ్డాడు. బావ తన బల్ల మీద గుడ్డ తీశాడు. ఫిగర్ అద్భుతంగా ఉంది. ముక్కు నాన్నదే, గడ్డం కింద సొట్ట కూడా నాన్నదే. వేషం మాత్రం నాన్న చెప్పింది చెప్పినట్టు, ఒక్క అబద్ధం కూడా వదలకుండా ఉంది.

కళ్ళజోళ్ళ షాపాయన ఒకడున్నాడు ఆ సంఘంలో. ఏళ్ళ తరబడి ప్రతి ప్రదర్శనలోనూ బావ చేతిలో బోర్లా పడ్డవాడు. ఆయన వంగి చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆయన ముఖంలో నెమ్మదిగా పండగ మొదలైంది.

"డాక్టరుగారూ, ఏ కాలం ఇది?"

బావ చెప్పాడు.

"ఆ కాలంలో మోకాలి చిప్పలా? ఈ అద్దాలా? వీపు మీద కత్తా? ఫొటో చూపించండి."

హాలంతా ఆ బల్ల చుట్టూ మూగింది. ఫిగర్‌ను పడుకోబెట్టడానికి కళ్ళజోళ్ళాయన అప్పుడే చెయ్యి చాపాడు. స్టేషన్‌మాస్టరు నాన్న వంక చూశాడు. నాన్న తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"ఫొటో లేదు," అన్నాడు బావ.

"అయితే ఆచారం ప్రకారం..."

"ప్రయోగం కోసం ఒకే ఒక దళానికి ఇచ్చిన సరంజామా అది. తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఫొటోలు తీయనివ్వలేదు. నేను స్వయంగా విచారించి నిర్ధారించుకున్నాను." బావ గొంతు పన్ను పీకేముందు ఉన్నంత మృదువుగా ఉంది. "నా మాట చాలదంటే, ఇదిగో, మీరే పడుకోబెట్టండి."

ఎవరూ కదల్లేదు. తన బూటు తాడును తానే బయటపెట్టుకున్న మనిషి మాట అది. చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కళ్ళజోళ్ళాయన ఆ ఫిగర్‌కే ఒక సెల్యూట్ కొట్టాడు. "మీరు నిర్ధారించారంటే ఇక మాటేముందండీ. ఇంత అరుదైనదని తెలియక..." అని నసిగాడు.

"ఏమయ్యా కమాండో, చెప్పవేం మరి!" అని స్టేషన్‌మాస్టరు నాన్న భుజం చరిచాడు. నాన్న వెన్ను ఒక్కసారిగా నిటారైంది. వెంటనే, ఎవరూ అడగకుండానే, విమానం తలుపు దగ్గర గాలి ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడు.

నేను బావను మెట్ల దగ్గరికి లాక్కెళ్ళాను.

"ప్రయోగ దళమా?"

"గాడిద గుడ్డు," అన్నాడు. నుదుట చెమట తుడుచుకున్నాడు. "ఆ హెల్మెట్‌ను ఇంకోసారి చూశానంటే నేనే దాన్ని బోర్లా పడుకోబెట్టేస్తాను. త్వరగా వెళ్ళిపోదాం."

"మరి నాన్న సైన్యంలో చేసిందేమిటి?"

"వంట. పెళ్ళయిన కొత్తలోనే తెలుసు నాకు. ఆదివారం వంటకి ఆయన నడుముకు ఏప్రన్ కట్టుకునే తీరు ఎప్పుడైనా చూశావా? తాడు రెండు చుట్లు తిప్పి, ముడి పక్కకి వేసి, కొసలు లోపలికి దోపుతాడు. పొయ్యి దగ్గర కొస వేలాడకూడదని సైన్యపు వంటశాలలో అలా నేర్పుతారు. ఇన్నేళ్ళయినా ఒక్క రోజూ తప్పు కట్టలేదోయ్!" ఈ చివరి మాట చెప్పేటప్పుడు బావ కళ్ళలో భక్తి కనిపించింది.

"ఇన్నాళ్ళూ అక్కకైనా చెప్పలేదా?"

"ఎందుకు? పట్టీ సరిగ్గానే ఉందిగా."

ఈయన్ని విసుక్కోవడం నాకు అలవాటైన పని. ఆ పూట మాత్రం తిన్నగా వెళ్ళి ఆయనకొక కాఫీ తెచ్చిచ్చాను.

కానీ లోకం ఎవడి మంచితనాన్నీ ఊరికే వదలదు. బోర్లా డాక్టరే నిర్ధారించిన అరుదైన దళమంటే మాటలా? మరుసటి ప్రదర్శనలో నాలుగు బల్లల మీద వీపున కత్తి పెట్టుకున్న ప్రయోగ దళం వాళ్ళు నిలబడ్డారు. అందులో రెండు కళ్ళజోళ్ళాయనవే. పొరుగూరినుంచి ఒకడు దాని చరిత్ర మీద ప్రసంగం కూడా చేశాడు. మా బావ చేతులు వెనక్కి కట్టుకుని, పుప్పి పన్నుతో కూర్చున్న రోగిలా చివరిదాకా విన్నాడు.

మొన్న నేను వెళ్ళేసరికి ఫోను మోగుతోంది. ఆ సంఘంవాళ్ళే ఎవరో.

"కత్తి ఒర మీద కుట్టు దారం ఏ రంగని అడుగుతున్నారు మామయ్యగారూ," అని బావ లోపలి గదిలోకి కేకేశాడు.

"ఎరుపు!" అని లోపలినుంచి జవాబు క్షణంలో వచ్చింది. చీకట్లో పాకే రహస్య దళానికి ఎర్ర దారం!

బావ కళ్ళు మూసుకున్నాడు. మత్తు ఇవ్వకుండా తన పన్ను తానే పీక్కుంటున్నవాడిలా ఒక్కసారి మూలిగి, ఫోనులోకి స్పష్టంగా చెప్పాడు.

"ఎరుపండీ. ముదురు ఎరుపు."