నాయిన వేలు గుంజిందెవరు?

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వొస్తుంది. నాగర్‌కర్నూల్‌లో మందుల షాపులో పని చేస్తాను. షుగర్ మీటరులో కనబడే అంకెను నమ్ముతాను గానీ కనబడని వాటిని నమ్మను. అయినా ఈ సంగతి రాయక తప్పడం లేదు.

మా నాయినకు చాలా ఏళ్లుగా షుగరు. పాదాలు రెండూ మొద్దుబారిపోయాయి. మా ఊరు లింగాలలో, చేనులో పత్తి కట్టె అరికాల్లో దిగినా ఆయనకు తెలియలేదు. చెప్పులేసుకోమంటే వింటేగా! అది పుండై చీము పట్టాక నా దగ్గరికి తీసుకొచ్చాను.

డాక్టరమ్మ పుండు కడిగి, గాజుగుడ్డకు బదులు స్పాంజిలాంటి కొత్తరకం పట్టీ వేసింది. పుండులో ఊరే రసిని అదే పీల్చుకుంటుందట. మళ్లీ వచ్చేదాకా విప్పొద్దంది. చీము ఎముకదాకా పోతే పాదం తీసేయాల్సి వస్తుందని కూడా చెప్పింది. ఆ రోజునుంచి పట్టీకి నేనే కాపలా. నాయిన చెయ్యి అటు పోతే కసిరేదాన్ని.

రమ్మన్న రోజు ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం నాయిన మంచం మీద నిద్రపోతున్నాడు. నేను గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచాడు.

“ఎవరే నా వేలు గుంజింది?”

కలగన్నావేమో అన్నాను.

“కల గాదు బిడ్డా. గట్ల గుంజి లేపేది మీ అమ్మనే. ఊకెనే లేపదు. జర దవాఖానకు పోదాం పా.”

నిజమే. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన్ని పగటి నిద్రలోంచి అలాగే లేపేది, కాలి బొటనవేలు పట్టి గుంజి. కానీ అమ్మ పోయి ఏళ్లయింది. పైగా ఆ కాలికి స్పర్శే లేదు. ఎంత చెప్పినా వినలేదు. ఆ పోరు పడలేక, విసుక్కుంటూనే ఆటో ఎక్కించాను.

పట్టీ విప్పగానే డాక్టరమ్మ ముఖం మారింది. పైకి బాగానే ఉన్నా లోపల మళ్లీ చీము పట్టింది. రమ్మన్న రోజుదాకా ఆగి ఉంటే పాదం దక్కేది కాదంది. కుళ్లిన కండ తీసేసి, ఈసారి క్రిములను చంపే వెండి కలిసిన పట్టీ వేసి, ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. మార్చిన ప్రతిసారీ పుండు ఇంకాస్త శుభ్రంగా, ఎర్రటి కొత్త కండతో పూడుతూ వచ్చింది. ఒకరోజు పట్టీ అక్కర్లేదు అన్నప్పుడు నేను అక్కడే ఏడ్చేశాను. ఇప్పుడు నాయిన తన కాళ్ల మీదే లింగాలకు పోయి చేను చూసుకుని వస్తున్నాడు, చెప్పులేసుకుని.

పుండు మానాక డాక్టరమ్మ స్పర్శ ఉందో లేదోనని సన్నని నైలాన్ దారంతో ఆ బొటనవేలిని తాకి చూసింది. ఏమీ తెల్వదన్నాడు. గట్టిగా నొక్కినా అదే మాట. మరి ఆ రోజు గుంజినట్టు ఎలా తెలిసింది?

ఇంట్లో కూడా సాక్సులు తీయొద్దని నా హుకుం. మధ్యాహ్నం పడుకునేటప్పుడు మాత్రం ఆ కాలి సాక్సు తీసేసి, పాదం మంచం బయటకు పెట్టుకుంటాడు. నేను చూస్తాను. ఆ సాక్సు మడిచి పక్కన పెడతాను.